ఎర్రకోటలో పుష్యమాసపు రాత్రులు

ఢిల్లీకి చుట్టాలు వస్తే ఎర్రకోట చూపించడం ఇక్కడి తెలుగు కుటుంబాలకు నిత్యకర్మలలో ఒకటి. పాతికేళ్ళు దాటిన మా ఢిల్లీ కాపురంలో ఆ కోటను ఎందరికి చూపించామో లెక్క లేదు. షాజహాను చక్రవర్తి, 1639లో శంకుస్థాపన, 1648లో ప్రవేశోత్సవం, నెమలి సింహాసనం, దానిని నాదిర్షా ఎత్తుకుపోయిన 1739వ సంవత్సరం – ఈ పాఠం మాకు కంఠోపాఠం. అయితే ఇన్నేళ్ళలో ఏ చుట్టమూ అడగని ప్రశ్న ఒకటి రెండేళ్ళ క్రితం జనవరిలో మా పెద్దనాన్నగారు అడిగారు.

వారిది బందరు. ఎనభై రెండేళ్ళ వయసు. ఉత్తరాదిని చూడాలన్న కోరిక అంత ఆలస్యంగా తీరింది, అదీ చలికాలంలో తీరింది. బందరులో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఢిల్లీలో ఆ నెల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 7, 8 డిగ్రీలు. 1935 జనవరి 16న సఫ్దర్‌జంగ్ వేధశాలలో అది సున్నాకంటే 0.6 డిగ్రీలు దిగువకు పడిపోయింది. వారు వచ్చిన వారంలో అంత లేకపోయినా, పొగమంచు మాత్రం పదకొండు గంటలకుగాని విడవలేదు. పంచెమీద రెండు స్వెట్టర్లు, వాటిమీద శాలువ, తలకు మంకీ టోపీ – ఈ అలంకారంతో వారిని నోయిడాలో మెట్రో ఎక్కించాము. మండీ హౌస్ దగ్గర రైలు మారితే లాల్ ఖిలా స్టేషను సరిగ్గా కోట ఎదుటే దింపుతుంది. 2017కు పూర్వం ఈ సౌకర్యం లేదు. సోమవారం కోటకు సెలవు గనుక మంగళవారం వెళ్ళాము.

లాహోరీ దర్వాజా, ఛత్తా చౌక్ బజారు, నౌబత్ ఖానా, దివానే ఆమ్ – ఇవన్నీ వారు ఓపికగా చూశారు. తూర్పుగోడ వెంట వరుసగా ఉన్న పాలరాతి మహళ్ళలో ఖాస్ మహల్ దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయారు. చక్రవర్తి శయనమందిరం అందులోనే. దానిని ఖ్వాబ్‌గాహ్ అన్నారు, అంటే కలల ఇల్లు. పెద్దనాన్నగారు చేయి చాచి పాలరాతి స్తంభాన్ని తాకి, కాలినట్టు వెనక్కు తీసుకున్నారు.

"ఒరే అబ్బాయ్, పగటిపూట కూర్చోవడానికి ఇదంతా బాగానే ఉంది. పుష్యమాసంలో రాత్రిళ్ళు ఈ రాతిమీద ఎలా పడుకునేవార్రా?"

మేము ముఖముఖాలు చూసుకున్నాము. అక్కడి పలకమీద తేదీలు ఉన్నాయి గాని దీనికి సమాధానం లేదు. ఆ ప్రశ్న పట్టుకుని తర్వాత మేము చదివినదీ, ఆనాడు చూసినదీ, వాటితోపాటు మా స్వానుభవం ఒకటీ కలిపి ఈ వ్యాసం.

ముందుగా ఆ కట్టడాల తీరు చెప్పాలి. అవి చలికోసం కట్టినవి కావు, ఎండకోసం కట్టినవి. తూర్పున యమున కోటగోడను ఒరుసుకుని పారేది. నది ఇప్పుడు దూరం జరిగి, ఆ స్థానంలో రింగు రోడ్డు, దానిమీద లారీలు పారుతున్నాయి. నదిమీది గాలి తోరణాల గుండా నేరుగా గదులలోకి రావాలన్నది ఉద్దేశం. అది చాలదన్నట్టు నహరె బిహిష్త్, అంటే స్వర్గపు కాలువ, మహళ్ళ నడుమనుంచి, పడకగది మధ్యనుంచి కూడా పారేటట్టు మలిచారు. మే నెలలో ఇది నిజంగా స్వర్గమే. జనవరి రాత్రి నదిగాలి, కాలువనీరు, కాళ్ళకింద పాలరాయి – మూడూ ఏకమైతే ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. పాలరాయి చెక్కవంటిది కాదు. తాకిన ఒంట్లోని వేడిని చప్పున లాగేసుకుంటుంది. అందుకే గాలితో సమానమైన చలిలోనే ఉన్నా, చేతికి గాలికంటె చల్లగా తోస్తుంది.

ఐరోపాలోని మధ్యయుగపు కోటలను గురించి చదివితే అక్కడివారి మార్గం వేరు. చిన్న కిటికీలు, మందమైన గోడలు, విశాలమైన సభాశాల నడుమ మంట, తర్వాతి కాలంలో గోడలోనే అమర్చిన పొగగొట్టపు పొయ్యి, పడకకు నాలుగువైపులా బరువైన తెరలు. సేవకులు సభాశాలలో ఒకరి పక్కన ఒకరు ఒదిగి పడుకునేవారు. వారికి ఏడాదిలో అధికభాగం చలే గనుక గోడనే చలికి తగ్గట్టు కట్టుకున్నారు. మన చక్రవర్తులకు ఎనిమిది నెలలు ఎండ. రెండు నెలల చలికోసం గోడలు మార్చరు గదా! ఖాస్ మహల్, రంగ్ మహల్, దివానే ఖాస్ – మూడింటిలోనూ ఎంత వెతికినా మాకు ఒక్క పొగగొట్టం జాడ కనిపించలేదు.

మరి ఏం చేశారు? రాతి ఇంటిలోపల గుడ్డతో మరొక ఇల్లు కట్టుకున్నారు.

ఫతేపూర్ సిక్రీ వెళ్ళినవారు అక్కడి కట్టడాలకు రాతిలోనే తొలిచిన కొక్కేల వంటి ఉంగరాలు చూసి ఉంటారు. తెరలూ చాందినీలూ కట్టేందుకు అవి. ఇప్పుడు మనం చూసే మొగలు మహల్, ఒక విధంగా, బట్టలు విప్పేసిన మహల్. తెరలు దిగితే అది గది అవుతుంది, తెరలు ఎత్తితే మండపం అవుతుంది. శిథిలమై పోయింది రాయి కాదు, గుడ్డ. అందువల్లనే మనకు ఆ రాత్రులు అర్థం కావు.

ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియర్ ఔరంగజేబు కాలంలో ఢిల్లీలో ఉన్నాడు. 1663 జూలై 1న ఇక్కడినుంచి వ్రాసిన సుదీర్ఘమైన లేఖలో ఢిల్లీ సంపన్నగృహాలను వర్ణించాడు. మంచి ఇంట్లో నేలంతా నాలుగంగుళాల మందం దూదిపరుపు పరచి ఉంటుందనీ, దానిమీద వేసవిలో తెల్లటి సన్నబట్ట, చలికాలంలో పట్టు తివాచీ వేస్తారనీ అందులో ఉంది. నాలుగంగుళాలు! మంచంమీద కాదు, నేలంతా. రాయి పాదానికి తగలకుండా చేయడమే వారి మొదటి ఉపాయమన్నమాట. పెద్దనాన్నగారికి ఈ సంగతి చెబితే, "మరి దూదేకులవాళ్ళకు ఎంత పనిరా!" అన్నారు. చక్రవర్తి సంగతి వదిలిపెట్టి, ముందు పనివాడి సంగతి వారికి తట్టింది. ఈనాటికీ అక్టోబరు వచ్చేసరికి పాత ఢిల్లీ సందుల్లో రజాయిలు విప్పి దూది ఏకి మళ్ళీ కుట్టేవారు కనిపిస్తారు.

బెర్నియర్ లేఖలో పెద్దనాన్నగారిని నిలువునా పులకింపజేసిన విషయం మరొకటి ఉంది. ఒక మహోత్సవ సందర్భంలో దివానే ఆమ్ ముందు వేసిన పెద్ద గుడారాన్ని అతడు చూశాడు. బయట ఎర్రటి గుడ్డ. లోపలి అస్తరు మచిలీపట్నం నుంచి ప్రత్యేకంగా వేయించి తెప్పించిన పూల అద్దకపు బట్ట. ఆ పువ్వులు ఎంత సహజంగా ఉన్నాయంటే నిజమైన పూలతోట నడుమ నిలుచున్నట్టు ఉందని వ్రాశాడు. మచిలీపట్నమంటే మా పెద్దనాన్నగారి బందరే! అప్పటికి అది గోల్కొండ సుల్తానుల రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడ వర్తకశాలలు తెరిచినది ఈ బట్టలకోసమే. చిరువేరు ఎరుపుతో, పటిక కట్టుతో, కలంతోనూ అచ్చులతోనూ మన అద్దకపువారు వేసిన పువ్వులు ఎర్రకోట గుడారాల లోపల పూశాయి. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నది 1687లో. అంతకు రెండు దశాబ్దాల ముందే గోల్కొండ రాజ్యపు గుడ్డ అతని నెత్తిమీద నీడపట్టి ఉందని మేము చమత్కరిస్తే పెద్దనాన్నగారు నవ్వలేదు. "మా పెడనవాళ్ళకు ఈ మాట తెలియదురా. వెళ్ళి చెప్పాలి" అన్నారు.

న్యాయంగా చెప్పాలంటే ఆ గుడారం ఉత్సవశోభకు వేసినది, చలి కాపుదలకు కాదు. అయితే ఔరంగజేబు 1664 డిసెంబరులో, నడి చలికాలంలో, ఢిల్లీనుంచి కాశ్మీరు యాత్రకు బయలుదేరినప్పుడు వెంట నడిచిన రాజశిబిరంలోని డేరాలకు కూడా మచిలీపట్నపు అద్దకమే అస్తరని అదే బెర్నియర్ వ్రాశాడు. రెండు పొరల గుడ్డ, నడుమ గాలి. రజాయి సూత్రమూ ఇదే. వెచ్చదనం దూదిలో లేదు, దూది బంధించి ఉంచే గాలిలో ఉంది.

ఒంటిమీది వస్త్రాలకు అబుల్ ఫజల్ సాక్షి. అయిన్-ఇ-అక్బరీలో అతడు చెప్పిన అంగీలలో 'గదర్' అన్నది ఒకటి. మామూలు కబాకంటె వెడల్పు, పొడవు ఎక్కువ, దూది మరింత దట్టం. తమ పూర్వికుల చలిదేశంలో ఉన్న బొచ్చుతోలు కోటుకు హిందూస్థానంలో ప్రత్యామ్నాయం అదేనట. కాశ్మీరు శాలువలను గురించి కూడా ఉంది. పూర్వం నాలుగు మడతలు వేసి కప్పుకునేవారు, తర్వాత మడత లేకుండా భుజాన వేసుకోవడం వాడుకయింది, అక్బరు మాత్రం రెండు కలిపి జోడుగా ధరించడం మొదలుపెట్టాడు. ఈ మాట విన్న మా అమ్మాయి మారు మాట్లాడకుండా తన శాలువ తీసి పెద్దతాతగారి శాలువమీద జోడించింది. "అక్బరు పాదుషా అయ్యారు తాతగారు" అంది. వణుకు కాస్త తగ్గింది.

ఇక నిప్పు. అయిన్-ఇ-అక్బరీలో ఒక వింత ఉంది. ఏటా ఒక నిర్ణీత దినాన మధ్యాహ్నం సూర్యకాంతమణిని ఎండకు పట్టి, దాని ఎదుట దూది ఉంచి, ఆ వేడికి అంటుకున్న నిప్పును దివ్యాగ్నిగా స్వీకరించేవారు. దీపాలవారూ, దివిటీలవారూ, వంటవారూ సంవత్సరం పొడుగునా ఆ నిప్పునే వాడాలి. దానిని భద్రపరిచే పాత్రకు 'అగిన్‌గీర్' అని పేరు. నిత్యాగ్నిహోత్రం ఎరిగిన మనకు ఇది మరీ పరాయిగా తోచదు. గదిలో పెట్టుకునే నిప్పుకు మాత్రం సామాన్యుడికైనా సార్వభౌముడికైనా సాధనం ఒక్కటే, అంగీఠీ. మన కుంపటి. ఆ మాట సంస్కృత 'అగ్నిష్ఠిక' నుంచి వచ్చినదని భాషావేత్తలు చెబుతారు.

ఇక్కడ మా కథ చెప్పక తప్పదు.

మేము ఢిల్లీ ప్రాంతానికి వచ్చింది 1998 నవంబరులో. విశాఖ సముద్రపు గాలికి అలవాటుపడినవాళ్ళము. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. మరుసటి జనవరిలో ఒక రాత్రి కరెంటు పోయింది, హీటరు ఆరిపోయింది. బజారునుంచి తెచ్చి ఉంచిన అంగీఠీలో కట్టెబొగ్గు రాజేసి, పొగంతా పోయి నిప్పులు ఎర్రబడ్డాక గదిలోకి తెచ్చుకున్నాము. పొగ లేదు గనుక ప్రమాదం లేదనుకున్నాము. అంతటితో ఆగక కిటికీ సందుల్లో పాత వార్తాపత్రికలు కూరాము, తలుపుకింద గోనెపట్టా పెట్టాము. గది హాయిగా వేడెక్కింది. ముగ్గురమూ పడుకున్నాము.

ఏ వేళో మాలో ఒకరికి దాహం వేసి మెలకువ వచ్చింది. తల పగిలిపోతున్నది. లేవబోతే కాళ్ళు ఆధీనంలో లేవు. చేయి తగిలి ఇత్తడి చెంబు దొర్లింది. ఆ చప్పుడే మమ్మల్ని కాపాడింది. రెండోవారికీ మెలకువ వచ్చింది, నేలమీద పాకుతూ వెళ్ళి తలుపు గడియ తీయగలిగాము. పిల్ల లేవలేదు. పిలిచాము, కుదిపాము, చెంపలమీద తట్టాము. వరండాలోకి, ఆ మంచులోకి ఎత్తుకు వచ్చాము. పై అంతస్తులోని పంజాబీ ముసలమ్మగారు, మేము మాతాజీ అని పిలిచే ఆవిడ, మా కేకలకు దిగి వచ్చి పిల్లను ఒడిలోకి లాక్కుని వీపు రాచారు. ఎంతసేపటికో పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు వంటి శ్రావ్యమైన ధ్వని మేము తర్వాత ఎన్నడూ వినలేదు. ఆసుపత్రిలో ఆ రోజంతా ప్రాణవాయువు పెట్టారు.

మాతాజీ ఆనాడు మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. "బేటా, కుంపటి పెట్టుకున్న గదికి నాలుగు వేళ్ళ సందైనా ఉంచరా? మీ ఊళ్ళో పెద్దవాళ్ళు లేరా?" మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఉన్నారు గాని, చలి లేదు. బొగ్గు చాలినంత గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును పట్టుకునే దానికంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. పొగ కంటికి కనిపిస్తుంది, దగ్గు తెప్పించి లేపుతుంది. ఇది లేపదు, నిద్రపుచ్చుతుంది. ఈనాటికీ ప్రతి చలికాలం ఢిల్లీ పత్రికలలో, మూసిన గదిలో అంగీఠీతో పడుకున్న కుటుంబాల వార్తలు వస్తూనే ఉన్నాయి. ఉత్తరాదికి బదిలీపై వచ్చే మన ఉద్యోగులు, మరీ ముఖ్యంగా చిన్నపిల్లలున్నవారు, తివాచీలూ రజాయిలూ కొనేముందు ఈ సంగతి తెలుసుకోవాలని మా మనవి. బొగ్గునిప్పుతో ఒకే గదిలో నిద్రపోరాదు. చలి తట్టుకోలేక కాసేపు కాచుకున్నా, సందు ఉంచుకుని కాచుకుని, పడుకునేముందు దానిని బయట పెట్టాలి. నీరు కాచే గ్యాసు గీజరును కిటికీ లేని స్నానాలగదిలో పెట్టుకున్నా అపాయం ఇదే.

ఆ మంగళవారం ఖ్వాబ్‌గాహ్ ఎదుట నిలుచుని ఆలోచిస్తే మాకు ఒక సంగతి తోచింది. గుడ్డతెర చలిగాలి ఉరవడిని ఆపుతుంది గాని గాలిని పూర్తిగా ఆపదు. ఎత్తైన కప్పు, జాలీల రాయి, తెరల అంచులు – ఎక్కడో ఒకచోట మాతాజీ చెప్పిన నాలుగు వేళ్ళ సందు ఉండి తీరుతుంది. అటువంటి గదిలో కుంపటి పెట్టినా ఊపిరి ఆడుతుంది. మేము అద్దాల కిటికీలు బిగించి, వార్తాపత్రికలు కూరి, చక్రవర్తి కూడా చేసుకోని మూసివేత చేసుకున్నాము.

కోటలో నిజంగా వేడిని ఉద్దేశించి కట్టినది ఒక్కటే, దివానే ఖాస్‌కు ఉత్తరాన ఉన్న హమ్మాం. మేము వెళ్ళినప్పుడు మూసి ఉంది. బయటినుంచే చూశాము. మూడు పెద్ద గదులు. వాటిలో పడమటిది ఆవిరి స్నానానికి, దాని పడమటి గోడలోనే వేడి పుట్టించే ఏర్పాటు. నిప్పు ఒకచోట, మనిషి ఒకచోట, నడుమ గోడ. అంగీఠీకంటె ఎంతో క్షేమకరమైన పద్ధతి. మొదటి మొగలు బాబరు ఈ దేశంలో అడుగుపెట్టి, ఇక్కడ లేనివాటి జాబితా వ్రాస్తూ హమ్మాంలు లేవని కూడా గొణిగాడు. తర్వాత ఆగ్రాలో కట్టించుకున్నాడు. విచిత్రమేమంటే అతడు దానిని మెచ్చుకున్నది ఎండాకాలంలో చల్లగా ఉంటుందని! అతని మునిమనుమడి కొడుకు షాజహాను నాటికి దివానే ఖాస్‌కే వాడుకలో గుసల్‌ఖానా, అంటే స్నానశాల, అని పేరు నిలిచిపోయింది. సాయంకాలపు కొలువు అక్కడే. ప్రభువులందరూ విధిగా హాజరు కావాలి. మన సంస్థలలో సాయంత్రం పెట్టే సమీక్షా సమావేశాలకు ఇంత ప్రాచీనత ఉన్నదని మాకు అంతవరకు తెలియదు.

అదే దివానే ఖాస్‌లో 1858 జనవరి 27న మరొక కొలువు జరిగింది. కోటను ఆంగ్లసైన్యం దోచుకున్నాక, ఎనభై దాటిన బహదూర్‌షా జఫర్‌ను ముద్దాయిగా అక్కడికి తెచ్చి కూర్చోబెట్టారు. విచారణ మార్చి 9 వరకు సాగింది. తివాచీలూ తెరలూ పోయిన ఆ మండపంలో, పూర్వికుల పాలరాయి మధ్య, ఆ జనవరి ఆ వృద్ధుడికి ఎట్లా గడిచిందో. పెద్దనాన్నగారు అక్కడ చాలాసేపు నిలుచున్నారు. వయసు ఒక్కటే గదా.

గోడకు ఇవతల ఇంత ఏర్పాటు ఉంటే, అవతలివారి మాట? ప్రభువులు వారానికొక రోజు, ఇరవై నాలుగు గంటలు, కోటలోపల కావలి కాయాలని నియమం. రాజపుత్ర రాజులు మాత్రం గోడల మధ్య ఉండడానికి ఒప్పుకోక కోట బయట తమ డేరాలలోనే కావలి ఉండేవారని బెర్నియర్ వ్రాశాడు. అది పౌరుషమే కావచ్చు. వారి బంటులకు మాత్రం పౌరుషంతోపాటు నెగడు కూడా కావలసి వచ్చి ఉంటుంది. ప్రయాణంలోని రాజశిబిరాన్ని గురించి అతడు చెప్పినదాంట్లో, రాత్రివేళ వేలాది పొయ్యిలలో పేడపిడకలూ, పచ్చికట్టెలూ కాలిన పొగ దట్టంగా కమ్మి దారి తప్పించేదనీ, ఎత్తైన స్తంభంమీద వేలాడే ఆకాశదీపమే గురుతనీ ఉంది. ఈ వాక్యాలు చదివినప్పుడు నేటి ఢిల్లీ డిసెంబరు మాకు కొత్తగా తోచలేదు.

మేము కోట బయటికి వచ్చేసరికి అయిదున్నర దాటింది. మంచు మళ్ళీ దిగుతున్నది. జామా మసీదు వైపు, రిక్షాలు నిలిపే చోట, నలుగురైదుగురు అట్టపెట్టెలు, పుల్లలు వేసి చిన్న నెగడు పెట్టుకున్నారు. బహిరంగంగా మంటలు పెట్టరాదని కాలుష్య నిబంధనలు ఉన్నాయి. చలికి మాత్రం ఆ నిబంధన ఎవరూ చెప్పలేదు. ఆ చుట్టుపక్కల నిరాశ్రయులకు ప్రభుత్వం నడిపే రాత్రి ఆవాసాలు ఉన్నాయి, రైన్ బసేరా అంటారు. 2010లో ఏర్పడిన ఢిల్లీ పట్టణ ఆవాస అభివృద్ధి మండలి వాటిని చూస్తుంది. అయినా రిక్షాను విడిచి వెళ్ళితే అది తెల్లవారికి ఉండదన్న భయంతో దానిమీదనే ముడుచుకుని పడుకునేవారు కొందరు. ఆ నెగడు దగ్గర పెద్దనాన్నగారు ఆగారు. అడగకుండానే ఒకతను ఇటుక జరిపి చోటు ఇచ్చాడు. హిందీ రాని మా పెద్దనాన్నగారు, తెలుగు రాని ఆయనా పది నిమిషాలు అరచేతులు కాచుకున్నారు. కోటలో ఇంతసేపూ తిరిగినా కలగని వెచ్చదనం ఇక్కడ కలిగిందన్నారు. లేచేటప్పుడు పైన జోడించిన శాలువ తీసి మా అమ్మాయి చేతికి ఇచ్చేశారు.

ఆ రాత్రి వారికి రెండు రజాయిలు, కిందికి దూదిపరుపు, పక్కన విద్యుత్ హీటరు అమర్చాము. కిటికీ పూర్తిగా వేసి వచ్చాము. అర్ధరాత్రి మా అమ్మాయి చూడబోతే, ఆయన లేచి కిటికీ రెక్కను వెనక్కు తోస్తున్నారు.

"చలి వేస్తుంది తాతగారూ!"

"వెయ్యనీవే తల్లీ. నాలుగు వేళ్ళే తీశాను" అని చేయి చూపించి, రజాయి నెత్తిమీదకు లాక్కుని పడుకున్నారు.